చిక్కుడు పాదుకి ఎవరు చెప్పారో

హైదరాబాద్‌లో శరత్కాలం వచ్చిందని చలి వచ్చి చెప్పదండీ. అక్టోబర్ మొదటివారంలో మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కి చూడండి, అరికాళ్ళు చుర్రుమంటాయి, ఇన్నాళ్ళూ వానలో నానిన మొక్కలు ఆ ఎండకి ఒక్కసారిగా తలలు వేలాడేస్తాయి, ఇదేం శరత్తు, రెండో ఎండాకాలం కదా ఇది అనిపిస్తుంది. ఆశ్వయుజం వచ్చేసింది అని పంచాంగం అంటుంది, ఫ్యాన్ అయిదులో పెట్టు అని మా ఆయన అంటాడు. కానీ వచ్చేసింది, అందులో డౌట్ లేదు, నేనైతే నీడని చూసి కనిపెడతా.

మా మిద్దెకి దక్షిణం వైపు మూడడుగుల పిట్టగోడ ఉంది. మన హైదరాబాద్‌కి మేలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తిమీదకొస్తాడు, ఆ రెంటికీ మధ్య రోజుల్లో అయితే కొంచెం ఉత్తరానికే జరుగుతాడు, అందుకని జూన్ జూలైల్లో ఆ గోడ పక్కన పెట్టిన కుండీలకి మధ్యాహ్నం నీడన్నదే ఉండదు. అక్టోబర్ వచ్చేసరికి అదే గోడ పన్నెండింటికి అడుగు పైచిలుకు నీడ వేస్తుంది, డిసెంబర్‌కి రెండున్నర అడుగులు. చాలామంది ఇది గమనించరు. వానాకాలంలో బ్రహ్మాండంగా ఉన్న మొక్క ఇప్పుడు ఎందుకు సాగిపోయి సన్నగా పెరుగుతోందో తెలీక ఎరువుల మీద ఎరువులు వేస్తుంటారు. కుండీని నాలుగడుగులు ఉత్తరానికి జరిపితే చాలు. బతుకమ్మకి ముందే మా ఇంట్లో ఈ కుండీలు జరిపే కార్యక్రమం ఒకటి ఉంటుంది, ఆ రోజు మా ఆయనకి నడుం నొప్పి తప్పకుండా వస్తుంది.

రెండో గుర్తు తూనీగలు. సెప్టెంబర్ చివర్లో సాయంత్రం అయిదు దాటాక మిద్దె మీద గుంపులు గుంపులుగా తిరుగుతాయి చూడండి, పసుప్పచ్చ రంగువి, ఎక్కడా వాలవు, ఊరికే గాల్లో అటూ ఇటూ ఈదుతూ ఉంటాయి. మా చిన్నప్పుడు తెనాలిలో తోకకి దారం కట్టి ఆడేవాళ్ళు మగపిల్లలు, ఇప్పుడు తల్చుకుంటే పాపం అనిపిస్తుంది. అవి వానాకాలంలో గుంటల్లో నిలిచిన నీళ్ళల్లో గుడ్లలోంచి వచ్చి పెరిగినవి, ఆ గుంటలు ఎండిపోతుంటే ప్రయాణం కడతాయి. ఎక్కడికనుకున్నారు? మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే ఆయన ఏటా అక్టోబర్‌లో మంచినీటి చెరువులు దాదాపు లేని ఆ దీవుల్లోకి ఇన్ని వేల తూనీగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని ఏళ్ళ తరబడి లెక్కలు రాసుకుని, ఇవి మన దేశంనుంచి బయల్దేరి మాల్దీవుల మీదుగా ఆఫ్రికా తూర్పు తీరం దాకా వెళ్తున్నాయని 2009లో రాశాడు. మా ఉప్పల్ మిద్దె మీద దోమల్ని తింటున్న ఈ పురుగు సముద్రం దాటే రకమేనని తెలిసిన దగ్గర్నుంచి నాకు దానిమీద గౌరవం పెరిగిపోయింది. మా అబ్బాయి మాత్రం దానికి వీసా అక్కర్లేదా అన్నాడు.

సరే, అసలు విషయం చిక్కుడు.

పందిరి చిక్కుడు జూన్‌లో పెట్టిందంటే జూలై ఆగస్టు సెప్టెంబర్ మూడు నెలలూ తీగే తీగ, పందిరంతా కమ్మేసి ఆ పక్కన బట్టలారేసే తాడు మీదకి కూడా పాకేస్తుంది, పువ్వు మాత్రం ఒక్కటి ఉండదు. ఈ టైంలో మా వాట్సాప్ మొక్కల గ్రూప్ చూడాలి మీరు. "చిక్కుడు బాగా ఏపుగా ఉంది మేడమ్ పూత రావట్లేదు ఏం వేయాలి" అని ఒకరు అడగ్గానే, అరటితొక్కల నీళ్ళు అని ఒకరు, పుల్ల మజ్జిగ అని ఒకరు, గుడ్డు నిమ్మరసం బెల్లం కలిపి మురగబెట్టి కొట్టండి అని ఒకరు, ఎవరో ఒకాయన అయితే బూస్టర్ బాటిల్ ఫొటో పెట్టి ఇన్‌బాక్స్‌కి రండి అంటాడు. ఇవన్నీ చేసేసరికి అక్టోబర్ వస్తుంది, పూత వస్తుంది, ఎవరు ఆఖర్న ఏది కొడితే ఆ పేరు దానికి వస్తుంది. ఆ బాటిల్ వ్యాపారం నడిచేదే అలా అని నా గట్టి నమ్మకం.

మా అత్తమ్మది జనగామ వైపు. ఆమె ఆగస్టులోనే పందిరి కింద నిలబడి "దాని మీద ఏం కొట్టకు బిడ్డా, బతుకమ్మ రానియ్యి, అదే పూస్తది" అంది. నేను ఎందుకు అత్తమ్మా అంటే "గంతే" అంది. ఆ గంతేకి వెనకాల పెద్ద సైన్సే ఉంది. నాటు చిక్కుడు రాత్రి పొడుగుని లెక్కపెట్టుకునే మొక్క, రాత్రి ఒక హద్దు దాటి పొడుగైతే తప్ప మొగ్గ వేయదు. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటల పైన కొద్దిగా, డిసెంబర్‌లో 11 గంటల పైన కొద్దిగా, అంటే ఏడాది మొత్తానికి తేడా రెండు గంటలే, ఆఫీసుకి పోయొచ్చే మనకి అది తెలియనే తెలీదు, పొద్దున్నే లేచినా తెలీదు. చిక్కుడుకి తెలుస్తుంది. సెప్టెంబర్ 22, 23ల్లో పగలూ రాత్రీ సమానం అయ్యి అక్కణ్ణుంచి రాత్రి పైచేయి అవుతుందే, ఆ తర్వాత రెండు మూడు వారాలకి ఆకుల మధ్యలోంచి కంకి బయటికొస్తుంది, ఊదారంగువి కొన్ని తెల్లవి కొన్ని.

ఈ సంగతి మనుషులకి ఒక పొగాకు మొక్క వల్ల తెలిసిందట. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అని ఇద్దరు ఉండేవాళ్ళు, మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా పెరుగుతూనే పోయి పూత మాత్రం రాక, విత్తనం తీసుకోవడానికి లేకుండా వాళ్ళని ఏడిపిస్తుంటే, అన్నీ ప్రయత్నించి ఆఖరికి సాయంత్రం కాకముందే కుండీల్ని చీకటి షెడ్డులో పెట్టేశారు, అంతే, అది పూసింది. 1920లో అచ్చేశారు ఆ సంగతి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు బేళ్ళ వాసన మధ్య పెరిగిన మాలాంటివాళ్ళకి ఆ మొక్కకి ఇలాంటి ఘనత ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు.

అన్ని చిక్కుళ్ళూ ఇలా ఉండవు లెండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు అర్కా జయ్, అర్కా విజయ్ అని పొట్టి రకాలు ఇచ్చారు, అవి పగలూ రాత్రీ పట్టించుకోవు, ఏ నెలలో పెట్టినా కాస్తాయి, పందిరి కూడా అక్కర్లేదు. జాగా లేనివాళ్ళు అవి పెట్టుకోండి, మంచివే. నాకు మాత్రం నాటు చిక్కుడే కావాలి, సంక్రాంతికి చిక్కుడుకాయ వంకాయ కూర చేస్తే ఆ గింజ నోట్లో పేలాలి. పూతతో పాటే పేనుబంక కూడా వస్తుంది, నల్లగా కంకి మొత్తం అంటుకుని, దాన్ని చూసి భయపడి మందు కొట్టకండి, పొద్దున్నే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేయండి, మరీ ఎక్కువైతే లీటరుకి అయిదు ఎమ్మెల్ వేపనూనె కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట. ఎర్ర మీద నల్లచుక్కల పురుగులు కనపడితే అదీ వద్దు, పేనుబంకని తినేసేవి అవే, వాటి పని అవి చూసుకుంటాయి.

చామంతిదీ చిక్కుడు స్వభావమే, ఇంకా పట్టుదల ఎక్కువ. మా ఎదురు అపార్ట్‌మెంట్‌వాళ్ళు పార్కింగ్ కోసం ఒక ఫ్లడ్ లైట్ బిగించారు, అది తిన్నగా మా మిద్దె తూర్పు మూల మీద పడుతుంది, రాత్రంతా. ఆ మూలలో పెట్టిన చామంతి కుండీలు నవంబర్ వచ్చినా ఆకులేసుకుని కూర్చుంటాయి, వాటర్ ట్యాంక్ వెనక చీకట్లో ఉన్నవేమో అప్పటికే మొగ్గలతో నిండిపోతాయి, ఒకే తల్లి మొక్క పిలకలు అవన్నీ. రాత్రి మధ్యలో కాసేపు వెలుతురు తగిలినా చామంతికి ఆ రాత్రి లెక్కలోకి రాదు. ఈ కిటుకు వాడుకునే పాలీహౌస్ రైతులు రాత్రుళ్ళు బల్బులు వెలిగించి పూత వెనక్కి నెట్టి, రేటు ఉన్నప్పుడు పూయిస్తారు. నేను ఎదురువాళ్ళని అడిగా, అన్నయ్యగారూ ఆ లైట్ కాస్త కిందికి వంచుతారా చామంతులు పూయట్లేదు అని. ఆయన నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. కుండీలే ట్యాంక్ వెనక్కి వెళ్ళాయి. మీ బాల్కనీలో రాత్రంతా లైట్ వెలుగుతుంటే, చామంతి పూయలేదని నర్సరీవాణ్ణి తిట్టేముందు ఒకసారి ఆ స్విచ్ ఆపి చూడండి.

వచ్చేవాటి గురించే చెప్తున్నా, పోయేవి కూడా ఉన్నాయి. బీర, సొర, దోస పాదులు ఇప్పటికి అయిపోయినట్టే. పగలు పొడిగా ఎండ, తెల్లారుజామున మంచు, ఈ రెండూ కలిస్తే బూడిద తెగులుకి పండగ, ఆకుల మీద ఎవరో ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా వస్తుంది. పుల్ల మజ్జిగ పల్చగా చేసి కొడితే మొదట్లో కొంచెం ఆగుతుంది కానీ కాపు అయిపోయిన పాదుకి ఆ సేవ ఎందుకు చెప్పండి. నాకు పీకేయడంలో దయాదాక్షిణ్యాలు లేవు. ఇంకో రెండు పిందెలు ఉన్నాయి కదా అని నవంబర్ దాకా ఆ ఎండు తీగల్ని మోస్తూ కూర్చుంటే శీతాకాలం కూరలకి టబ్బు దొరకదు, ఆ రెండు పిందెలూ చేదుగా వంకరగా వస్తాయి. పీకిన తెగులు ఆకుల్ని కంపోస్ట్‌లో వేయను, చెత్తబండికే ఇస్తా. బెండ మాత్రం ఒక రెండు మొక్కలు ఉంచుతా, కాయలు ముదిరి ఎండి పగిలేదాకా, విత్తనానికి.

తర్వాత మట్టి పని, ఈ సీజన్ మొత్తంలో అసలు పని ఇదే, ఫొటోల్లో పడనిది కూడా ఇదే. నాలుగు నెలల వాన కుండీలో ఉన్న బలమంతా కడిగి డ్రెయిన్ పైపులోకి పంపేసి ఉంటుంది, పైన చూస్తే మట్టి అట్టకట్టి ఉంటుంది, కింద రోకలిబండ పురుగులు చుట్టలు చుట్టుకుని కాపురం పెట్టి ఉంటాయి. టబ్బు మొత్తం బోర్లించి, మట్టిని టార్పాలిన్ మీద పల్చగా పరిచి, ఆ చుర్రుమనే ఎండ అన్నాను చూడండి, దానికి అప్పగిస్తా. నాలుగు రోజులు బాగా ఎండాక మూడో వంతు మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి, బరువు తగ్గడానికి కోకోపీట్, అదే కొబ్బరిపీచు పొట్టు. బరువు అంటే నవ్వులాట కాదు, తడిసిన మట్టి ఘనమీటరు టన్నున్నర పైనే ఉంటుంది, పెద్ద టబ్బులు ఎప్పుడూ స్లాబు మధ్యలో కాకుండా బీముల మీద, గోడల వెంట రావాలి. ఇది చెప్తే చాలామందికి చిరాకు, మొక్కల అందం గురించి చెప్పండి మేడమ్ అంటారు. స్లాబు ఉంటేనే కదా అందం.

ఇందులో ఒక్కటే భయం, వాన పూర్తిగా పోయిందా లేదా అని. లెక్క ప్రకారం నైరుతి అక్టోబర్ 15 నాటికి దేశం మొత్తం మీంచి వెళ్ళిపోవాలి. లెక్క ప్రకారమే 2020లో కూడా వెళ్ళిపోతూ ఉండింది, అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్ మీద ఏం జరిగిందో ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోలేదు, కాలనీలు కాలనీలే మునిగాయి. అందుకే నారు ట్రేలు మాత్రం మెట్ల గది రేకు కిందే పెడతా, చిత్త కార్తె దాటేదాకా. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది అంటారు కదా, ఆ సామెత కట్టినవాళ్ళు హైదరాబాద్ చూసే కట్టారేమో, తార్నాకలో దంచి కొడుతుంది, మా మిద్దె మీద చుక్క ఉండదు. మా అమ్మకి ఫోన్ చేస్తే తెనాల్లో ఇంకో రకం కష్టం, అక్కడ ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్ల సీజన్ ఇప్పుడే మొదలు, "రెండ్రోజుల్నించి ముసురమ్మాయ్, నువ్వేం చేస్తున్నావ్" అంటుంది, నేనిక్కడ పైపు పట్టుకుని నీళ్ళు పోస్తున్నానమ్మా అంటా.

వేసేవి చాలానే ఉన్నాయి. పాలకూర, మెంతికూర, ముల్లంగి, వీటికి చెప్పేదేం లేదు, చల్లితే వస్తాయి. క్యారెట్ మాత్రం నారు పోసి నాటకండి, ఎక్కడ పెరగాలో అక్కడే గింజ పడాలి, లేకపోతే కాళ్ళు చీలిన క్యారెట్లు వస్తాయి. కొత్తిమీర ఎండాకాలంలో మనల్ని ఏడిపించి ఇప్పుడు మంచి పిల్లలా వస్తుంది, ధనియాలు చెప్పుతోనో చపాతీ కర్రతోనో తేలిగ్గా నలిపి రెండు బద్దలు చేసి రాత్రి నానబెట్టి వేయండి, ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. కాలీఫ్లవర్‌కి ఒక మాట. ప్యాకెట్ మీద పువ్వు బొమ్మ చూసి కొనొద్దు, ఏ కాలం రకమో అడిగి కొనండి. ఉత్తరాది చలికి తయారుచేసిన లేటు రకాలు మన హైదరాబాద్ వాతావరణంలో పెడితే ఫిబ్రవరి దాకా ఆకులే ఆకులు, పువ్వు కట్టేంత చలి మనకి అన్ని రోజులు ఉండదు. ముందుకాలం రకాలే మనకి. మూడిళ్ళ అవతల అక్కయ్య ఒకావిడ ఆ ఆకులతోనే పప్పు చేసేసింది, బాగుందట.

ఇంక బంతి. దసరాకి పూలు కావాలంటే జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో నారు నాటాలి, మా ఇంట్లో దీనికి డెడ్‌లైన్ అత్తమ్మే. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు పొద్దున్నే గిన్నె పట్టుకుని పైకొస్తుంది, ఆ తొమ్మిది రోజులూ బంతి చెట్ల మీద నాకు హక్కు లేదు. బంతి అసలు మన దేశపు పువ్వే కాదు, మెక్సికో నుంచి వచ్చింది, అక్కడ కూడా నవంబర్ మొదట్లో చనిపోయిన పెద్దల్ని తల్చుకునే పండక్కి సమాధుల మీద ఈ పూలే పోస్తారు. ఇక్కడ బతుకమ్మ మొదలయ్యేది పెద్దల అమావాస్య నాడే. ఎక్కడి మెక్సికో ఎక్కడి జనగామ. అత్తమ్మకి చెప్తే "ఔనా, ఆళ్ళు గూడ పెద్దలకు బియ్యమిస్తరా" అని అడిగింది, అది నాకు తెలీదు.

గునుగు నేను పెట్టలేదు. ఊరి చెలక నుంచి తెచ్చిన ఎర్రమట్టిలో విత్తనాలు వచ్చినట్టున్నాయి, ఏటా వంకాయ టబ్బుల్లో కలుపు మొక్కలా మొలుస్తుంది, నేను పీకబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకుంటుంది. ఆ కంకులు తెంపి రంగుల్లో ముంచి ఆరబెట్టి, వరసలు వరసలుగా బతుకమ్మ పేరుస్తుంది. తంగేడు మాత్రం కుండీలో మాటవినదు, దాన్ని కొనాల్సిందే. పదేళ్ళ కింద ఘట్‌కేసర్ రోడ్డు పక్కన బైక్ ఆపి తెంపుకొచ్చేవాళ్ళం, ఇప్పుడా జాగాలన్నీ వెంచర్లయ్యాయి, గేటుకి పెట్టిన పేరు మాత్రం ఏదో పువ్వుదే ఉంటుంది. రాష్ట్ర పుష్పం కట్ట కట్టి మార్కెట్లో అమ్ముతుంటే బేరమాడి కొంటున్నాం.

అట్లతద్దికి నా వంతు. గోరింటాకు కుండీ ఒకటి మెట్ల పక్కన ఉంది, వానల్లో ఆకు పెద్దగా నీరుగా ఉంటుంది కానీ పండదు, ఈ ఎండ నాలుగు రోజులు తగిలాక కోస్తేనే ఎర్రగా పండుతుందని నా అనుభవం. మా వీధిలో ఆ ముందురోజు సాయంత్రం నా దగ్గరికి ఎంతమంది పిల్లలొస్తారో, మొక్క బోడిగుండై మిగులుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ చిగురేస్తుంది.

ప్రస్తుతం ఇంట్లో గొడవల్లా గోంగూర గురించే. దానికీ రాత్రి పొడుగైందని తెలిసిపోయింది, పూత మొదలైంది, పువ్వొచ్చిందంటే ఆకు చిన్నదవుతుంది, ముదురుతుంది, కాడ నారవుతుంది. అందుకని మొత్తం ఒకేసారి కోసి ఈ ఆదివారం నిలవ పచ్చడి పెట్టేద్దాం, ఒక్క మొక్క విత్తనానికి వదుల్తాను అని నేనంటున్నా. అత్తమ్మేమో పుంటికూర పప్పులోకి రోజూ గుప్పెడు కావాలి ఉండనియ్యి అంటోంది. మా ఆయన రెండు వైపులా తలూపుతున్నాడు. ఎండుమిరపకాయలు ఎండలో పెట్టేశాను కాబట్టి నా మాటే నెగ్గేలా ఉంది, పప్పులోకి మాత్రం తూర్పు మూల రెండు మొక్కలు ఆమెకి రాసిచ్చేశా. అక్కడ ఆ ఫ్లడ్ లైట్ పడుతుంది కదా, అవి ఇంకా పూతకి రాలేదు.